మా మంత్రి పాత్ర చదివి ఎవరూ నవ్వట్లేదు: అవినీతి మీద వ్యంగ్య నవల రాసేవాళ్ళు, చదివేవాళ్ళు ఒక మాట చెప్పండి

ఉప్పుగాలి

అందరికీ నమస్కారం. మాది వైజాగ్, అక్కయ్యపాలెం. పగలు అకౌంట్లు, రాత్రి రాతలు. కొంతకాలంగా ఒక నవల రాస్తున్నాను, రాజకీయ వ్యంగ్యం అనే ఉద్దేశంతో. ఊరి పేరు కల్పించాను, గవ్వలరేవు. సముద్రం ఒడ్డు, ఒక కొండ, కొండ కింద జాలర్ల గుడిసెలు, ఊరికో మేయరు, ఆయన నెత్తి మీద ఒక మంత్రి. మంత్రిగారి కన్ను కొండ మీద పడుతుంది. కొండ తవ్వి రిసార్టు కట్టాలి, గుడిసెలు లేపెయ్యాలి. గుడిసెల్లో పోలమ్మ అని చేపలమ్ముకునే ముసలావిడ, ఆవిడ కొడుకు, కోడలు. సగం పైనే రాసేశాను.

సమస్య ఏంటంటే ఎవరూ నవ్వట్లేదు. ఫ్రెండ్స్‌కి చదవమని ఇచ్చాను. బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ ఒకడు "ఇదంతా పేపర్లో రోజూ చూస్తున్నదే కదరా, దీనికి నవల ఎందుకు" అన్నాడు. ఇంకొకడు మంత్రి మెళ్ళో గొలుసులు, తెల్ల చొక్కా, వెనకాల బండ్ల వరస అవన్నీ చదివి వెంటనే ఒక సినిమా విలన్ పేరు చెప్పి ఈ వేషం ఆయనకే ఇవ్వాలి అన్నాడు. ఒళ్ళు మండింది.

నా ప్రశ్నలన్నీ కలిపి అడిగేస్తున్నా, దేనికి వీలైతే దానికి చెప్పండి. నిజంగా జరిగేదే కల్పన కంటే విడ్డూరంగా ఉన్నప్పుడు వ్యంగ్యం రాసేవాడు ఇంకెంత పెంచి చెప్పాలి? మంత్రిని ఇంకా ఘోరంగా చూపిస్తే పని జరుగుతుందా? పోలమ్మ వచ్చే ప్రతి సీనూ ఏడుపుగొట్టుగా తయారవుతోంది, ఆవిడ రాగానే వ్యంగ్యం ఆగిపోయి ఉపన్యాసం మొదలవుతోంది, దానికేం చెయ్యాలి? ఇంకోటి, ఇది కాస్త టెన్షన్ పెడుతున్న సంగతి, ఎవరైనా "ఇది నన్ను ఉద్దేశించి రాసిందే" అని కేసు వేస్తే? మా ఆవిడ రోజూ ఇదే పాట. "మనకెందుకండీ, చక్కగా ప్రేమకథ రాసుకోవచ్చు కదా" అని.

---

పూర్ణామార్కెట్_పాతపుస్తకం

ముందు మీ మంత్రిని తెర మీద నుంచి తప్పించండి గురువు గారూ. ఊళ్ళో ఉంటాడు, ఫ్లెక్సీల్లో ఉంటాడు, అందరి నోళ్ళలో ఉంటాడు, కానీ మనిషి కనపడనక్కర్లేదు.

ఇంకెంత పెంచాలి అని కొలతలు వేసుకోవడం దగ్గరే దారి తప్పుతున్నారు. పెంచడంలో పేపరుని మీరు గెలవలేరు. "కోట్ల విలువైన భూమి కబ్జా" అని హెడ్డింగు వస్తుంది, పక్కన ఫోటో వస్తుంది, మర్నాడు ఖండన వస్తుంది. ఆ కబ్జా కాగితం పుట్టడానికి మధ్యలో ఎన్ని చేతులు పనిచేశాయో, అందులో ఒక్కొక్కడూ రాత్రి ఇంటికెళ్ళి పెళ్ళానికి ఏం చెప్పుకున్నాడో, పొద్దున్నే ఏ గుడికెళ్ళాడో అది మాత్రం రాదు. మీరు రాయాల్సింది అక్కడ.

వైజాగ్‌లో కూర్చుని ఈ ప్రశ్న అడుగుతూ రావిశాస్త్రి గారిని తలుచుకోకపోతే ఎలా చెప్పండి. ఆయన ఇక్కడే ప్లీడరు, కోర్టు వరండాల్లో మనుషుల్ని దగ్గరగా చూసినవాడు. ఆరు సారా కథలు మళ్ళీ తియ్యండి. మద్యనిషేధం ఉన్న రోజుల కథలు అవి. చట్టం వచ్చింది, సారా ఆగలేదు, ఆగకపోగా ఆ చట్టం చుట్టూ పోలీసుకీ ప్లీడరుకీ దొంగసాక్షికీ అందరికీ ఒక బతుకుతెరువు ఏర్పడిపోయింది. కథల్ని నడిపేది మంత్రులు కాదు, కానిస్టేబుళ్ళూ గుమాస్తాలూ ప్లీడర్లూ. అందులో ‘మాయ’ కథ ఉంది చూశారా, సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ, కొత్తగా నల్లకోటు తొడిగిన కుర్ర ప్లీడరు. ఆవిడకి వాడి జాలి అక్కర్లేదు. లోకం ఎలా నడుస్తుందో, ఎవరు దేనికి అమ్ముడుపోతారో ఆవిడే వాడికి పాఠం చెబుతుంది. చదువుకున్నవాడు నోరు తెరుచుకుని వింటాడు. మీ పోలమ్మ సంగతికి నా జవాబు కూడా అదే. ఏడుపు ఆవిడ పని కాదు, ఆ పని పాఠకుడికి వదిలెయ్యండి, అదీ కావాలంటే.

ఇక నవలాకారుడు కె.ఎన్.వై. పతంజలి. ఖాకీవనం పోలీసుల మీద, పెంపుడు జంతువులు పత్రికల మీద, ఆ రెండోది పత్రికాఫీసుల్లో జీతం తీసుకున్న మనిషి రాసింది. గోపాత్రుడు నవలయితే ఇంకో దారి. భూమి గుండ్రంగా లేదు బల్లపరుపుగా ఉంది అని ఒకడు పట్టుబడతాడు. అంతే. ఆ ఒక్క మాట మీద ఊరు చీలిపోతుంది, గొడవలవుతాయి, పోలీసులొస్తారు, తర్వాతి నవల పిలక తిరుగుడు పువ్వులో వ్యవహారం కోర్టు దాకా పోతుంది. ఎవడూ జోకులెయ్యడు. అందరూ మహా సీరియస్‌గా తమ తమ డ్యూటీ చేస్తుంటారు, మనం పొట్ట పట్టుకుంటాం. ఒక్క అబద్ధాన్ని మధ్యలో కూర్చోబెట్టి దాని చుట్టూ మొత్తం వ్యవస్థని గంభీరంగా నడిపించడం, అదే పద్ధతి. మీ నవల్లో మధ్యలో కూర్చోవాల్సిన ఆ అబద్ధం ఏదో ఇంకా నాకు కనపడలేదు. మంత్రి చెడ్డవాడు అన్నది అబద్ధం కాదు కదా, అందులో చూడ్డానికేముంది.

---

రికార్డురూము

పైన ఆయన సాహిత్యం వైపు నుంచి చెప్పారు, బాగుంది. నేను రెవెన్యూలో చేసి రిటైరైనవాణ్ణి, ఇంకో వైపు నుంచి చెబుతా.

మీ మంత్రి కొండ తవ్విస్తాడు అన్నారు. తవ్వడం చాలా తర్వాత మాట బాబూ. ముందు కాగితం మీద కొండ పోవాలి. కొండ అంటే ప్రభుత్వ భూమి, పోరంబోకు కింద ఉంటుంది, సర్వే నంబరు 22-ఎ జాబితాలో ఉంటుంది. అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా, సబ్ రిజిస్ట్రార్ దాన్ని ముట్టుకోడు. కాబట్టి ముందు ఆ నంబరు జాబితాలోంచి బయటికి రావాలి. లేదూ, ఎప్పుడో ఒక మాజీ సైనికుడికి అక్కడ పట్టా ఇచ్చినట్టు ఒక పాత ఫైలు ‘దొరకాలి’, అమ్ముకోవడానికి అభ్యంతరం లేదని ఎన్‌ఓసీ రావాలి. పేదలకిచ్చిన డి-పట్టా భూమి అమ్మకూడదు, కొనకూడదు అని 1977 చట్టం ఉంది, 2023 సవరణలో ఇరవై ఏళ్ళు దాటిన పట్టాలకి సడలించారు, అంతకుముందే మీ గుడిసెల వాళ్ళ దగ్గర తెల్లకాగితం మీద వేలిముద్రలు ఎవడో ముందే తీసుకుని ఉంటాడు. అడంగల్‌లో ఒక పేరు, 1-బిలో ఇంకో పేరు (రెండూ భూమి ఎవరిదో చెప్పే రికార్డులే), పొద్దున లేచి కంప్యూటర్లో చూస్తే మూడో పేరు. ఇదంతా నేను పుట్టించి చెప్పడం లేదు, మన జిల్లాలో భూముల రికార్డుల తారుమారు మీద 2017లో ప్రభుత్వమే సిట్, అంటే ప్రత్యేక దర్యాప్తు బృందం, వెయ్యవలసి వచ్చింది, పేపర్లు చదివేవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఇందులో రౌడీ లేడు, కత్తి లేదు, గొలుసులు లేవు. కళ్ళజోడు పెట్టుకున్న మంచి మనుషులు, మధ్యాహ్నం క్యారేజీ తెచ్చుకునేవాళ్ళు.

పూర్ణామార్కెట్ గారు అడిగిన అబద్ధం ఇదిగోండి. రికార్డుల్లో కొండ లేదు. చదునైన మెట్టభూమి అని ఉంది. కొండేమో కళ్ళెదురుగా నిలబడి ఉంది. ఇక ఊళ్ళో ప్రతి ఉద్యోగీ ఆ కొండ లేనట్టే నడుచుకోవాలి. వానాకాలం వస్తుంది, చరియ విరిగి రెండు గుడిసెల మీద పడుతుంది, పోలమ్మ పరిహారానికి అర్జీ పెడుతుంది. జవాబు ఇలా వస్తుంది: "సదరు సర్వే నంబరునందు కొండ ఏదియు లేనందున కొండచరియ విరిగిపడుటకు అవకాశము లేదు. కావున అర్జీదారు అభ్యర్థన తిరస్కరించడమైనది." కింద సంతకం, తేదీ, రౌండు సీలు. ఈ జవాబు రాసిన గుమాస్తా దుర్మార్గుడు కాడు, అది గుర్తుంచుకోండి. రికార్డులో ఉన్నదే రాశాడు. వేరేలా రాస్తే మెమో వాడికే వస్తుంది.

లంచం సీనుల్లో దయచేసి బ్రీఫ్‌కేసులు పెట్టకండి. లంచం అనే మాట ఆఫీసులో ఎవరూ అనరు. "ఖర్చులుంటాయి" అంటారు. "నాకేం వద్దు, పైన చూసుకోవాలి కదా" అంటారు. "కుర్రాళ్ళకి టీలకి" అంటారు. ఏసీబీ, అంటే అవినీతి నిరోధక శాఖ, ట్రాప్ ఎలా జరుగుతుందో కూడా తెలుసుకుని రాయండి. ఫిర్యాదుదారు ఇచ్చే నోట్లకి ఫినాఫ్తలీన్ పొడి రాసి పంపిస్తారు, తీసుకున్నవాడి వేళ్ళు సోడియం కార్బొనేట్ నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి. మరి పొడి ఎవరికి అంటుతుంది? నోటు చేత్తో పట్టుకున్నవాడికి. సర్వేయరు, వీఆర్వో, అటెండరు. నోటు ముట్టుకోవలసిన అవసరమే లేనివాడి చేతులు ఏ నీళ్ళలో ముంచినా రంగు రాదు.

---

ఉప్పుగాలి

రికార్డురూము గారూ, ఆ తిరస్కరణ చదివి ఆఫీసులో పైకే నవ్వేశాను, పక్క సీటు మేడమ్ ఏమైందని అడిగారు. వాడుకోవచ్చా సార్?

ఒక్క సందేహం ఉండిపోయింది. మంత్రిని తప్పించి, గుమాస్తా, సర్వేయరు, బ్రోకరు, సంతకం చేసిన వీఆర్వో, చివరికి ఓటుకి డబ్బు తీసుకున్న పోలమ్మ కొడుకు, ఇలా అందరూ అందులో భాగమే అని రాసుకుంటూ పోతే అందరూ దొంగలే అయిపోరా? చదివినవాడు "అంతేలే, లోకమే ఇలా ఉంది" అని పుస్తకం పక్కన పడేస్తాడు. పెద్దాయన హాయిగా తప్పించుకుంటాడు. అప్పుడు నేను రాసినది ఎవరికి ఉపయోగపడినట్టు?

---

గాజువాక_అక్క

తమ్ముడూ, అసలు ప్రశ్న ఇప్పుడడిగావు. "అందరూ తిన్నారు" అనే మాట ఎక్కువగా ఎవరి నోట్లోంచి వస్తుందో గమనించు. అందరికంటే ఎక్కువ తిన్నవాడి నోట్లోంచే. ఆ మాటని నీ మంత్రికే ఇచ్చెయ్, ప్రెస్‌మీట్‌లో అనిపించు, అప్పుడు అది నీ నవల మాట అవ్వదు, ఆయన మాట అవుతుంది.

అందరూ తీసుకున్నారు నిజమే, అందరికీ సమానంగా వచ్చిందా? సర్వేయరుకి ఐదువేలొచ్చాయి, బ్రోకరుకి కారొచ్చింది, పైవాడికి రిసార్టులో వాటా వచ్చింది, పోలమ్మ కొడుక్కి ఎలక్షన్ ముందు రోజు ఒక కవరొచ్చింది. దొరికిపోయాక ఎవరెవరికి ఏమైందో కూడా రాయి. సర్వేయరు సస్పెండు, వాడి కూతురి పెళ్ళి ఆగిపోయింది. బ్రోకరు పార్టీ మారాడు. పెద్దాయన గుండెనొప్పని ఆసుపత్రిలో చేరి ఏసీ గదిలోంచి విక్టరీ గుర్తు చూపించాడు. నువ్వు ఎవర్నీ తిట్టక్కర్లేదు. లెక్క పక్కపక్కన పెట్టు చాలు, నువ్వు అకౌంట్సే కదా చేసేది.

ఇక పోలమ్మ. నువ్వు ఫిషింగ్ హార్బర్‌కి పొద్దున్నే ఎప్పుడైనా వెళ్ళావా? ఆడవాళ్ళు చేపల వేలంపాటలో నిలబడి వంజరం, కోనెం బేరమాడుతుంటే చూడు. తెల్లారకముందే సరుకు చూసి, పాట పాడి, వడ్డీ మీద తెచ్చిన డబ్బుకి లెక్క కట్టి, ఐసు ఖర్చు, ఆటో ఖర్చు తీసేసి ఎంత మిగులుతుందో నోటితో చెప్పేస్తారు. అలాంటి మనిషిని తీసుకొచ్చి నువ్వు ఊరికే ఏడిపిస్తున్నావు. ఆవిణ్ణి రిసార్టు టెండరు జరిగే చోట ఒక మూల కూర్చోబెట్టు, టీ ఇవ్వడానికో, గది తుడవడానికో వచ్చిందనుకో. ముగ్గురు పోటీదారులొస్తారు, ముగ్గురూ ఒకే కారు దిగుతారు, మూడు కవర్లూ ఒకడి సంచిలోంచే వస్తాయి. పోలమ్మ చూసి అంటుంది, "మా పాటలో ఇలా సేత్తే బుట్టతో కొడతారు బాబూ" అని. ఆఫీసర్లు నవ్వి ఆవిణ్ణి బయటికి పంపిస్తారు. ఎవరు ఎవర్ని చూసి నవ్వుతున్నారో పాఠకుడికి తెలుస్తుంది.

ఓటు డబ్బు కూడా అలాగే రాయి. రెండు పార్టీల దగ్గరా తీసుకుంటుంది, దాచుకోకుండా చెబుతుంది, ఎక్కువ ఇచ్చినవాణ్ణే ఎక్కువ అనుమానిస్తుంది. "ఇంతిచ్చినాడంటే మరెంత అట్టుకుపోతాడో" అని. ఇందులో జాలీ లేదు, నీతిబోధా లేదు.

భాష గురించి ఒక మాట, ఇది నాకు చాలా రోజుల నుంచి ఉన్న కోపం. మన ఉత్తరాంధ్ర యాసని సినిమాల్లో పనిమనిషికీ, కమెడియన్‌కీ ఇస్తారు, హీరో మాత్రం పుస్తకం భాష మాట్లాడతాడు. నీ నవల్లో పోలమ్మ ఒక్కత్తే యాసలో మాట్లాడి మిగతావాళ్ళందరూ శుభ్రమైన తెలుగు మాట్లాడితే నువ్వూ అదే చేస్తున్నట్టు లెక్క. పతంజలి రాజుగోరు, వీరబొబ్బిలి చూడు, రాజులూ ఆ భాషే మాట్లాడతారు, దివాణంలో వీరబొబ్బిలి అనే కుక్కకి కూడా వంశప్రతిష్ఠ ఉంటుంది. మేయరు గారు స్టేజీ మీద ఒక భాష, కాంట్రాక్టరుతో ఫోన్లో ఇంకో భాష మాట్లాడేలా రాయి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి ఆ మార్పు తెలుసు.

ఇంకొకటి, భూమి పోగొట్టుకోవడం అంటే గుడిసె మీదికి బుల్డోజర్ రావడమే అనుకోకు. మనకి 1966 ఉక్కు ఉద్యమం అంటే గర్వం, నాకూ గర్వమే. కానీ ప్లాంటు కోసం ఊళ్ళు ఖాళీ చేసిన నిర్వాసితులకి ఉద్యోగానికి అర్హత అని ఆర్-కార్డులు ఇచ్చారు, ఆ కార్డు పట్టుకుని ఎదురుచూసి ఉద్యోగం రాకుండానే వయసు దాటిపోయినవాళ్ళు ఉన్నారు. నీ గవ్వలరేవులో కూడా అలాంటి కార్డు ఏదో ఒకటి ఇప్పించు. పోలమ్మ దాన్ని లామినేషన్ చేయించి దేవుడి పటాల మధ్య మేక్కి తగిలిస్తుంది. కొడుకు పెళ్ళి సంబంధాలప్పుడు చూపిస్తుంది. పిల్లనిచ్చేవాళ్ళు కూడా చూసి తల ఊపుతారు, ఎందుకంటే వాళ్ళింట్లోనూ ఒకటుంది.

---

కంచరపాలెం_మెట్టు

అక్క చెప్పినవన్నీ ఓకే కానీ మంత్రిని తప్పించమని పూర్ణామార్కెట్ గారు అనడం నాకు నచ్చలేదు. గిరీశం లేకుండా కన్యాశుల్కం ఊహించండి. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన నాటకం, అందులో ఉన్నది ఆడపిల్లల్ని అమ్ముకోవడం ఒక్కటే కాదు, దొంగ కాగితాలు, దొంగ సాక్ష్యాలు, కోర్టు ఖర్చులు, హెడ్డు కానిస్టేబులు, అన్నీ ఉన్నాయి. అందరికంటే మోసగాడు గిరీశం, మనకి అందరికంటే ఇష్టమైనవాడూ గిరీశమే. వాడు నోరు తెరిస్తే మనం కూడా వెంకటేశం లాగా వాడి వెనక నడిచిపోతాం.

మీ మంత్రి గొలుసులు వేసుకున్న రాక్షసుడు కాబట్టే ఎవరూ నవ్వట్లేదు. నిజంగా ఇలాంటి నాయకులు ఎందుకు గెలుస్తారో ఆలోచించండి. పెళ్ళికి పిలిస్తే వస్తాడు, చావుకి పిలవకపోయినా వస్తాడు. పోలమ్మని "ఏం పోలమ్మా, మోకాలి నొప్పి తగ్గిందా" అని పేరు పెట్టి పలకరిస్తాడు, ఆసుపత్రికి ఫోన్ కొట్టి బెడ్ ఇప్పిస్తాడు. ఆ బెడ్ ఆవిడకి హక్కుగా రావాల్సింది అన్న సంగతి ఎవరికీ తట్టదు, ఆవిడకీ తట్టదు, అదీ ఆయన గొప్పతనం. కొండ పోయిన రోజు కూడా గుడిసెల వాళ్ళు "ఆయనకి తెలిసుండదు, చుట్టూ ఉన్నవాళ్ళే చేశారు" అనాలి. నవ్వు, భయం రెండూ అక్కడున్నాయి. తెర వెనక దాచేస్తే ఈ ఆకర్షణ చూపించలేరు.

---

పూర్ణామార్కెట్_పాతపుస్తకం

మెట్టు గారూ, మోకాలి నొప్పి పలకరింపు బాగుంది, ఒప్పుకుంటున్నా. అలాంటి మంత్రి అయితే ఉండనివ్వండి. నేను పీకెయ్యమన్నది గొలుసులాయన్ని. కానీ గిరీశం ఎవడండీ, జేబులో కాణీ లేని మనిషి, మాటలమ్ముకుని బతికేవాడు. అధికారం ఉన్నవాడికి గిరీశం మాటలు ఇస్తే పాఠకుడు మరీ ప్రేమలో పడిపోతే? చాలా సినిమాలకి ఇదే రోగం పట్టింది, అవినీతి నాయకుడు బయటికొచ్చేసరికి జనం వాడి డైలాగులకే ఈలలేస్తున్నారు.

---

వాయిదా_ప్లీడరు

కేసుల సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెబుతా. పరువునష్టం పాత ఐపీసీలో 499, 500 సెక్షన్లు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. శిక్ష గరిష్ఠంగా రెండేళ్ళు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజసేవ అని కొత్తగా చేర్చారు. పరువునష్టాన్ని నేరంగా ఉంచడం రాజ్యాంగబద్ధమే అని సుప్రీంకోర్టు 2016లో తేల్చింది. మామూలుగా దీని మీద పరువు పోయిందనుకున్న మనిషే మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు వేసుకోవాలి.

"ఈ నవలలోని పాత్రలన్నీ కల్పితాలు" అని మొదటి పేజీలో వేసినంత మాత్రాన రక్షణ దొరకదు. చదివినవాళ్ళు ఇది ఫలానా మనిషే అని గుర్తుపట్టేలా ఉండి, ఆయన చెయ్యని పని చేసినట్టు రాస్తే ఆ మాట మిమ్మల్ని కాపాడదు. అందుకని నిజం మనిషి నడక, ఊతపదం, బంధువుల వరస, బండి రంగు తీసుకోకండి. మీకు ఇక్కడ వచ్చిన సలహాల వల్ల ఇంకో మేలు కూడా జరిగింది. మనిషి మీద కాకుండా పని జరిగే తీరు మీద రాస్తే, అది నేనే అని కోర్టుకొచ్చి ఒప్పుకునేవాడు ముందుకు రావాలి, అలా ఎవడొస్తాడు. నూటికి నూరు పాళ్ళూ భయం లేదని మాత్రం చెప్పను. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ నవల కేసులో 2016లో మద్రాసు హైకోర్టు రచయిత వైపే తీర్పిచ్చింది, కానీ అప్పటికే ఆయన తనలోని రచయిత చచ్చిపోయాడని ప్రకటించి ఏడాది దాటింది. అచ్చు వేసే ముందు ఒక లాయరుకి చదవడానికి ఇవ్వండి, మీ ఆవిడ భయానికి కూడా అదే మందు.

చదవమని ఒకటి చెబుతా. శ్రీలాల్ శుక్ల రాగ్ దర్బారీ. 1968 నాటి హిందీ నవల, మరుసటేడు సాహిత్య అకాడమీ వచ్చింది, రాసిన మనిషి ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ అధికారి. అందులో లంగడ్ అని ఒక కుంటి మనిషి. తాసిల్ ఆఫీసులో ఒక కాగితం నకలు కావాలి. లంచం ఇవ్వను, రూలు ప్రకారమే తీసుకుంటాను అని ఒట్టు పెట్టుకున్నాడు. గుమాస్తా కూడా తక్కువవాడేం కాదు, నేనూ లంచం తీసుకోను, రూలు ప్రకారమే ఇస్తాను అన్నాడు. ఇద్దరూ రూలు మీదే నిలబడ్డారు. ఇక ఆ నకలు చచ్చినా రాదు. దరఖాస్తులో ఒకసారి ఒక లోపం, ఇంకోసారి ఇంకో లోపం. నల్లకోటు వేసుకున్న ఇన్నేళ్ళలో వాయిదాల మీద ఇంతకన్నా బాగా రాసింది నేను చూళ్ళేదు. చట్టాన్ని తప్పించుకోవడం మీద అందరూ రాస్తారు, చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించి మనిషిని ఎలా చంపొచ్చో చూపించాడాయన. రికార్డురూము గారి కొండ లేని ఊరు కూడా ఆ దారిదే.

---

ఉప్పుగాలి

అందరికీ థాంక్స్. మూడు రాత్రుల బెంగ ఒక్క సాయంత్రంలో తీర్చారు. గొలుసులాయన్ని పీకేశాను. మోకాలి నొప్పి మంత్రి వచ్చాడు, కానీ రెండే సీన్లు, పూర్ణామార్కెట్ గారి భయం నాకూ ఉంది. కొండ లేదు అనే సర్వే రిపోర్టు మొదటి అధ్యాయం. ఇలా మొదలుపెట్టా, చూడండి:

"గవ్వలరేవు కొండ ఎత్తు మూడువందల అడుగులని పాత గెజిటీర్లో ఉండేది. సర్వేయరు కొలత గొలుసు పట్టుకుని కొండెక్కి, పైన నిలబడి చుట్టూ చూసి, ఇక్కడ కొండ లేదని రాసుకుని, దిగేటప్పుడు కాలు జారి పడి, మెడికల్ లీవు పెట్టాడు. లీవు మంజూరు కాలేదు. లేని కొండ మీద నుంచి పడుట సాధ్యము కాదని పైఅధికారి అభిప్రాయపడ్డారు."

---

గాజువాక_అక్క

ఇదీ. ఇప్పుడు పోలమ్మ ఎక్కడుంది? వాణ్ణి భుజం మీద వేసుకుని కిందికి దింపింది ఆవిడే అయ్యుండాలి. ఆటో కూలి కూడా ఆవిడే ఇచ్చి ఉంటుంది. నవల అయిపోయే లోపల ఆ డబ్బులు వసూలు చెయ్యాలి చూసుకో.

---

రికార్డురూము

బాగుంది బాబూ, ఒక్క సవరణ. కథ ఇప్పటి కాలందైతే గొలుసు తీసెయ్యండి. 2020 డిసెంబరు నుంచి రీసర్వే నడుస్తోంది కదా, డ్రోన్లు, ఉపగ్రహాల సాయంతో కొలిచే రోవర్లు వచ్చేశాయి. డ్రోను ఫోటోలో కొండ స్పష్టంగా పడుతుంది, దాన్ని ఏం చేస్తారో మీరు చెప్పాలి. నన్నడిగితే, సదరు చిత్రమునందు కనిపించుచున్నది మేఘముగా నిర్ధారించడమైనది అని రాస్తారు.

---

ఉప్పుగాలి

సార్, మేఘం కొట్టేస్తున్నా. పుస్తకం మొదట్లో కృతజ్ఞతల్లో మీ పేరు వేస్తాను, ఏమని వెయ్యమంటారు?

---

రికార్డురూము

నా పేరొద్దు బాబూ, నెలనెలా పెన్షన్ వస్తోంది.